పెట్టల పేగుకు ప్రోబయోటిక్, బ్యూటిరేట్: రెండు షెడ్లలో 24 వారాలు వాడి చూశాక

గోదావరి జిల్లాల్లో గుడ్ల పెట్టలు పెంచే మా వంటి రైతులం మేత సొంతంగానే కలుపుకుంటాం. మాంసం కోళ్లను కంపెనీ తరఫున పెంచి ఇచ్చే బ్రాయిలర్ ఇంటిగ్రేషన్‌లో దాణా కంపెనీదే కాబట్టి అందులో ఏం పడుతుందో పెంచేవాడి చేతిలో ఉండదు. గుడ్ల పెట్టల (లేయర్) ఫారంలో మాత్రం మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు మొదలుకొని చిటికెడు పొడి వరకు ప్రతిదీ మనం కొనేదే, మనం పోసేదే, దాని లాభనష్టాలు మనం పడేవే. అందుకే పేగు ఆరోగ్యం పేరుతో అమ్ముతున్న పొడులలో రెండింటిని, అంటే బాసిల్లస్ సబ్టిలిస్ అనే మంచి బాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్‌నూ పూత పూసిన సోడియం బ్యూటిరేట్‌నూ, కొలిచి వాడి చూడాలనుకున్నాను. కంపెనీ పేర్లు రాయడం లేదు. ఇదే సరుకు పలు పేర్లతో దొరుకుతున్నప్పుడు కొనేవారికి పేరుకన్నా బస్తా మీది లేబుల్‌లో ఏం చూడాలో తెలియడమే అవసరం.

ముందుగా ఈ పొడి అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. పెరట్లో తల్లికోడి రెక్కల కింద పుట్టిన పిల్ల, తల్లి గీరిన మట్టిలోనే ముక్కు పెట్టి, తల్లి రెట్ట నుంచే తన పేగుకు కావలసిన మంచి సూక్ష్మజీవులను మొదటి రోజుల్లోనే అందుకుంటుంది. హేచరీ పెట్టెలో వచ్చిన పిల్లకు ఆ తల్లి లేదు; శుభ్రమైన పేగుతో వస్తుంది, ఆ ఖాళీలో ముందు ఏది చేరితే అదే స్థిరపడుతుంది. ఫిన్లాండ్‌లో సాల్మొనెల్లా అనే రోగకారక బాక్టీరియా బెడద తర్వాత ఎస్కో నుర్మి, రంతాలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1973లో చూపించింది ఇదే: పెద్దకోళ్ల పేగులోని జీవులను పిల్లలకు ముందే పట్టిస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోవడం కష్టమవుతుంది. ప్రోబయోటిక్ అనే ఆలోచనకు కోళ్ల రంగంలో ఇది గట్టి పునాది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఖాళీని మేతలో కలిపే యాంటీబయోటిక్‌లతో నెట్టుకొచ్చారు. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి పెరుగుదల కోసం వాటిని మేతలో కలపడం నిలిపివేసింది. మన దేశంలో 2019 జూలైలో ఆహార జంతువులకు కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడకాన్ని నిషేధించారు. మనం అమ్మే గుడ్డును పసిపిల్లలు కూడా తింటారు కాబట్టి ఈ మార్పు నాకు మనస్ఫూర్తిగా ఇష్టమైనదే.

ఇక సరుకు సంగతి. ప్రోబయోటిక్ పొడి లేబుల్ మీద గ్రాముకు వంద కోట్ల సీఎఫ్‌యూ (బతికున్న జీవుల లెక్క) అని, టన్ను మేతకు 500 గ్రాములు కలపాలని ఉంది. లెక్క వేస్తే గ్రాము మేతలో ఐదు లక్షల జీవులు పడతాయి. లేబుల్ మీద ఈ సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ, ఏ రకం బాసిల్లస్ అన్నది, ఈ నాలుగూ లేని పొడిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. బాసిల్లస్ విత్తనం లాంటి స్పోరు రూపంలో ఉంటుంది కాబట్టి గోదాములో నిలవ ఉంటుంది, కోడి పొట్టలోని ఆమ్లాన్ని దాటి పేగులో మొలకెత్తుతుంది. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ లాంటి వాటికి మామూలుగా ఆ ఓర్పు ఉండదు. మేతను గుళికలుగా చేసే పెల్లెట్ యంత్రం వేడిని కూడా బాసిల్లస్ తట్టుకుంటుందని అమ్మకందారు గట్టిగా చెప్పారు, అది నిజమే, కానీ మేం పెట్టేది వేడి తగలని, పొడిగా కలిపిన మ్యాష్ మేత. ఆ ఒక్క గుణం కోసమే ఎక్కువ ధర చెబితే లేయర్ రైతు ఇవ్వనక్కర్లేదు.

బ్యూటిరేట్ పనిచేసే తీరు వేరు. దాని నుంచి వచ్చే బ్యూటిరిక్ ఆమ్లం పేగు గోడ కణాలకు నేరుగా ఇంధనం. పేగులో పీచు పులిసినప్పుడు సహజంగా కూడా తయారవుతుంది. పూత లేని సోడియం బ్యూటిరేట్‌లో ఎక్కువ భాగం పేగు పై భాగం చేరకముందే ఇంకిపోతుంది, కాబట్టి లోపలికి వెళ్లాలంటే కొవ్వు పూత కావాలి. నేను కొన్నదానిలో బ్యూటిరేట్ 30 శాతమే, మిగతాది పూత. దీన్ని పరీక్షించడం తేలిక. ఒక గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు వేశాను: పూత ఉన్న గింజలు కరగకుండా అలాగే నిలిచాయి. తెలిసిన రైతు దగ్గర నుంచి తెచ్చిన పూత లేని పొడి వేయగానే కరిగి, గదంతా ముక్కిపోయిన వెన్న వాసన కమ్మింది. పూత సరుకు అని చెప్పి ఇచ్చిన బస్తా విప్పగానే అంత ఘాటు వాసన వస్తే ధర చెల్లించే ముందు ఆలోచించండి.

మొదలుపెట్టే ముందు జరిగిన ఒక సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు. అప్పటికి నెల రోజులుగా రెండు షెడ్లలోనూ రెట్ట పలచగా పడుతోంది. ఎండు చేపల పొడి కొత్త లోడు వచ్చింది, దానిలో ఉప్పు ఎక్కువ. దానికి తోడు మేం ఎప్పటిలాగే మేతలో ఉప్పు, తినే సోడా కలుపుతున్నాం. ఉప్పు ఎక్కువైతే పెట్ట నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట నీళ్లోడుతుంది, అది రోగం కాదు. లోడును పరీక్షకు పంపి, వచ్చిన అంకెను బట్టి కలిపే ఉప్పు తగ్గించగానే వారంలో సగం సమస్య పోయింది. అప్పుడే పొడి మొదలుపెట్టి ఉంటే ఆ ఫలితమంతా పొడి ఖాతాలో రాసుకునేవాణ్ని. సరిగా ఉడకని సోయా చెక్క కూడా అంతే: దానిలో మిగిలిన ట్రిప్సిన్ నిరోధకం వల్ల మాంసకృత్తు అరగకుండా కిందికి జారి క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే చెడు బాక్టీరియాకు ఆహారమవుతుంది. పేగు పుండ్ల వ్యాధికి కారణం ఆ జీవే. రక్తపారుడు తెచ్చే ఐమీరియా అనే పరాన్నజీవి పేగు గోడను గీరి దానికి దారి వేస్తుంది. ఈ రెండింటికీ ముందు మేత, కోళ్ల కింది పరుపు (లిట్టర్), నీరు సరిచేయాలి. పొడి ఆ తర్వాతి మాట.

ఇక పరీక్ష. ఒకే హేచరీ నుంచి ఒకే రోజు వచ్చిన పెట్టలు, షెడ్డుకు పదివేలు. పద్దెనిమిదో వారం నుంచి పన్నెండు వారాలు ఒకటో షెడ్డులో రెండు పొడులూ కలిపాను, రెండో షెడ్డుకు ఏదీ లేదు. తర్వాతి పన్నెండు వారాలు తిరగేసి, రెండో షెడ్డుకు ప్రోబయోటిక్ ఒక్కటే ఇచ్చి, ఒకటో షెడ్డుకు రెండూ ఆపేశాను. గాలి, వెలుతురు షెడ్డుకు షెడ్డుకు తేడా ఉంటాయి. తిరగేయకపోతే ఏ తేడా దేనివల్లో చెప్పలేం.

కలపడంలో శ్రద్ధ పెట్టకపోతే మిగతాదంతా వృథా. అర కిలో పొడిని టన్ను మేతలో నేరుగా పోస్తే సమంగా కలవదు. ముందు పది కిలోల మెత్తటి తవుడులో కలిపి, దాన్ని మిక్సర్‌లో మొక్కజొన్న, సోయా పడ్డాక పోయాలి. మేతలో పోషకంగా కలిపే కోలిన్ క్లోరైడ్ తేమను పీల్చుకునే సరుకు కాబట్టి పొడిని దానితో కలిపి నిలవ ఉంచకూడదు. మందు వేసే రోజుల్లో మేతలో ఏ యాంటీబయోటిక్ ఉంటే ఆ బాసిల్లస్ బతుకుతుందో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. మాటల్లో అన్నింటితోనూ వాడొచ్చనే చెబుతారు.

మూడో వారం చివరికి ఒకటో షెడ్డులో తేడా కంటికి కనబడింది. ఎత్తు మీద కట్టిన షెడ్డు కాబట్టి రెట్ట కిందికి పడి పేరుకుంటుంది. పొడి లేని షెడ్డు కింద అది పరుచుకుని మధ్యలో తడి చారలు, ఆ చారల్లో ఈగ పురుగులు కదులుతున్నాయి. పొడి ఇచ్చిన షెడ్డు కింద పంజరాల వరుస వెంట కూచిగా గుట్టలు నిలబడ్డాయి, వేలితో అదిమితే పైపొర విరిగింది. అలవాటు లేనివారు ఒక విషయం గమనించాలి: రోజులో ఒకటి రెండుసార్లు పడే జిగట, చాక్లెట్ రంగు రెట్ట అంధనాళాల (పేగు చివర ఉండే రెండు సంచుల) నుంచి వచ్చేది, అది సహజం, తెల్లటి టోపీ లాంటి పొర ఉన్న గట్టి రెట్ట ఉంటే పెట్ట బాగున్నట్టే.

గుడ్లు లెక్కపెట్టాను. ప్రతి శనివారం పది ట్రేలు, అంటే మూడు వందల గుడ్లు, నా చేతులతో ఒక్కొక్కటి తిప్పి చూశాను. మరకలున్నవి పొడి లేని షెడ్డులో సగటున తొమ్మిది, పొడి ఉన్న షెడ్డులో ఆరు. తిరగేసిన తర్వాత ఈ తేడా రెండు మూడు వారాల్లో రెండో షెడ్డుకు మారింది, అంటే అది షెడ్డు వల్ల వచ్చింది కాదు. ఇది ప్రోబయోటిక్ ఒక్కటే ఇచ్చిన కాలంలో కూడా నిలిచింది. ఉత్పత్తి మాత్రం వేరు కథ: మొదటి పన్నెండు వారాల్లో ఒకటో షెడ్డు అర శాతం ముందుంది, కానీ తిరగేశాక కూడా అదే ముందుంది. కాబట్టి ఆ అర శాతం ఆ షెడ్డు గాలిదే గానీ పొడిది కాదు. గుడ్లు పెరుగుతాయని అమ్మకందారు చెప్పిన మాటను నేను సమర్థించలేను.

చనిపోయిన పెట్టలను కోసి చూడటం నాకు పశువైద్యుడు నేర్పిన అలవాటు. పొడి లేని షెడ్డులో ఒక పెట్ట మొదటి పేగు మలుపు గాలి నిండి ఉబ్బి, గోడ పలచబడి, లోపల తువ్వాలు నూలు లేచినట్టు గరుకుగా ఉంది. క్లాస్ట్రిడియం చేసే పనికి అది దగ్గరి పోలిక. పొడి ఉన్న షెడ్డులో అలాంటిది నాకు కనబడలేదు గానీ, కోసినవి తక్కువే కాబట్టి దీన్ని రుజువుగా చూపించను.

డబ్బు లెక్క. ప్రోబయోటిక్ కిలో 360 రూపాయలకు కొన్నాను, టన్నుకు 180. బ్యూటిరేట్ కిలో 400, టన్నుకు అర కిలో, అంటే 200. పెట్టకు రోజుకు 110 గ్రాముల చొప్పున పదివేల పెట్టలకు 1.1 టన్నుల మేత, కాబట్టి రెండూ కలిపితే రోజుకు 418 రూపాయలు, తొమ్మిది వేల గుడ్లకు పంచితే గుడ్డుకు దాదాపు నాలుగున్నర పైసలు. మరక గుడ్డుకు వ్యాపారి రూపాయిన్నర కోస్తాడు. రోజుకు తొంభై మరక గుడ్లు తగ్గితే మిగిలేది 135. రెండు పొడులకూ ఇది చాలదు. ప్రోబయోటిక్ ఒక్కటైతే ఖర్చు 198; మరకల మిగులుకు ఈగల మందు, సున్నం ఖర్చులో తగ్గినది కలిపితే నా ఫారంలో దాదాపు సరిపోతోంది, దానికి పైన షెడ్డు కింద అమ్మోనియా ఘాటు తగ్గి, పనివాళ్లు కళ్లు మండకుండా పనిచేసుకోగలుగుతున్నారు. ఆ చివరిదానికి నేను ధర కట్టను, కానీ నాకు అదే పెద్ద లాభం.

ఒక హెచ్చరిక. అంతకుముందు ఏడాది వేసవిలో ఒక దుకాణంవారు నీళ్లలో కలిపే ద్రవ ప్రోబయోటిక్ ఇచ్చారు. మా బోరు నీటికి రెండు మూడు పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) క్లోరిన్ వేస్తాం; ఆ క్లోరిన్ నీళ్లలోనే దాన్ని పోయమన్నారు. క్రిములను చంపే నీళ్లలో బతికున్న క్రిములను పోయమని చెప్పినట్టయింది, నెల రోజుల ఖర్చు పోయింది. నీటిలో ఇవ్వాలంటే క్లోరిన్ ఒక రోజు ముందే ఆపి, పెట్టలు నీళ్లు తాగే నిపిల్ గొట్టాలలో పేరుకున్న జిగటను కడిగి, ఇచ్చిన కాసేపటికే తాగేలా చూడాలి. అంత జాగ్రత్త పడలేనివారికి మేతలో కలిపే స్పోరు పొడే మేలు.

పైసా ఖర్చు లేని ఒక మార్పు కూడా చేశాను. మొక్కజొన్నను మరీ పిండిలా కొట్టకుండా జల్లెడ మార్చి కొంచెం బరకగా వదిలాను. బరక గింజ కందనకాయకు పని పెడుతుంది, అది బలపడితే మేత బాగా నలిగి పేగులోకి నెమ్మదిగా దిగుతుంది.

ప్రస్తుతం ప్రోబయోటిక్‌ను రెండు షెడ్లలోనూ కొనసాగిస్తున్నాను. బ్యూటిరేట్‌ను ముదిరిన పెట్టలకు ఆపేశాను. మిగిలిన బస్తాన్నర పొడిని వచ్చే నెల దిగే కొత్త పుల్లెట్లకు (ఇంకా గుడ్డు పెట్టని లేత పెట్టలకు), వాటిని పెంచే గ్రోయర్ షెడ్డు నుంచి పంజరాల్లోకి మార్చే పదహారో వారం నుంచి ఇరవై నాలుగో వారం వరకు, ఒక్క వరుసకే ఇచ్చి పక్క వరుసతో పోల్చి చూస్తాను.