కారులో అడాస్: హైవే మీద సూపర్, అద్దం మార్చాక అసలు తలనొప్పి

మా ఎస్‌యూవీలో టాప్ వేరియంట్‌కి వెళ్లిందే అడాస్ కోసం, అంటే రోడ్డును గమనిస్తూ వేగం, బ్రేక్, స్టీరింగ్‌లో డ్రైవర్‌కి సాయపడే సిస్టమ్ కోసం. ముందు బంపర్‌లో ఒక రాడార్, వెనక బంపర్ మూలల్లో రెండు చిన్నవి, లోపల మిర్రర్ వెనకాల ముందు అద్దానికి అతుక్కుని ఒక కెమెరా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) మీద, విజయవాడ హైవే మీద బాగా వాడాక రాస్తున్నాను.

అడాప్టివ్ క్రూజ్‌కి మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ వచ్చేసింది. వంద దగ్గర సెట్ చేసి వదిలేస్తే ముందున్న లారీ ఎనభైకి తగ్గినప్పుడు మన బండీ దానంతటదే తగ్గుతుంది, లారీ పక్కకి తప్పుకోగానే మళ్లీ వేగం అందుకుంటుంది, ఇంటికొచ్చేసరికి కాలు నొప్పి ఉండదు. ఇది ముఖ్యంగా రాడార్ చేసే పని. 77 గిగాహెర్ట్జ్ తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని బట్టి ముందున్న బండి దూరం, వేగం రెండూ కొలుస్తుంది కాబట్టి చీకటైనా, ఎదుటివాడు హైబీమ్ కొట్టినా దానికి పట్టదు. లేన్ గీతలు చూడటం, ముందున్నది మనిషా బైకా లారీనా అని గుర్తుపట్టడం కెమెరా పని. అందుకే జోరువాన పడితే ముందుగా చేతులెత్తేసేది బండిని గీతల మధ్య ఉంచే లేన్ అసిస్టే. కెమెరా ఒక్కదాంతోనే నడిచే కార్లూ ఉన్నాయి, హోండా సిటీ అలాంటిదే, కాబట్టి అడాస్ అని రాసి ఉంటే సరిపోదు, రాడార్ ఉందా లేదా అని విడిగా అడగండి.

సిటీలో లేన్ అసిస్ట్ ఆపేస్తాను. గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద స్టీరింగ్ ఊరికే లాగుతుంటే చిరాకు. క్రూజ్ కూడా వద్దు, మన ముందున్న ఖాళీలోకి బైకు దూరగానే బ్రేక్ పడుతుంది, వెనకవాడేమో అంత దూరంలో ఉండడు. గుద్దేసేలా ఉంటే దానంతటదే పడే ఎమర్జెన్సీ బ్రేక్ మాత్రం ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి.

ఒక్క విషయం దయచేసి గుర్తుంచుకోండి. రాత్రిపూట రిఫ్లెక్టర్ లేకుండా ఆపిన ట్రాక్టర్ ట్రాలీని ఇది పట్టేస్తుందని నమ్మకండి. రోడ్డు పక్క రెయిలింగ్, బోర్డులు, బ్రిడ్జిలు అన్నీ రాడార్‌కి తిరిగి సిగ్నల్ ఇస్తాయి, వాటన్నిటికీ బ్రేక్ వేస్తే బండి నడవదు, అందుకని వేగంగా వెళ్లేటప్పుడు కదలకుండా ఉన్నవాటిని చాలా సిస్టమ్‌లు పక్కన పెట్టేస్తాయి, లేదా కెమెరా కూడా అవునంటేనే బ్రేక్ వేస్తాయి. ఆ చీకట్లో కెమెరాకి ఏం కనిపిస్తుంది?

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది సర్వీసు. రాయి తగిలి ముందు అద్దం పగిలితే ఒక సర్వీస్ సెంటర్‌లో మార్పించాను. క్యాలిబ్రేషన్, అంటే కెమెరా చూపు సరిగ్గా ఉండేలా మళ్లీ సెట్ చేయడం, చేయకుండానే బండి చేతికిచ్చారు. లేన్ అసిస్ట్ ఎడమకి లాగుతోందని చెబితే "వార్నింగ్ లైట్ రావట్లేదు కదా సార్, ఏం కాదు" అన్నారు. ఏం కాకపోవడం ఏంటి! కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే 100 మీటర్ల దూరంలో తేడా 1.75 మీటర్లు, అంటే మూడున్నర మీటర్ల లేన్‌లో సగం. ఇంకో చోటికి తీసుకెళ్తే టైర్లలో గాలి సరిచూసి, సమతలంగా ఉన్న ఫ్లోర్ మీద బండి నిలబెట్టి, ఎదురుగా కొలిచిన దూరంలో టార్గెట్ బోర్డు పెట్టి సెట్ చేశారు, తర్వాత రోడ్డు మీద కూడా నడిపి చూశారు. లాగడం పోయింది.

బంపర్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. సొట్టలు పడ్డచోట మందంగా పుట్టీ పెట్టి పెయింట్ కొడితే ఆ బంపర్ లోపలున్న రాడార్ సిగ్నల్ దెబ్బతింటుంది. బుల్ గార్డు అసలే వద్దు, చట్టప్రకారం కూడా కుదరదు. అద్దం గానీ బంపర్ గానీ ఇన్సూరెన్స్‌లో చేయిస్తుంటే ఎస్టిమేట్‌లోనే క్యాలిబ్రేషన్ ఛార్జీ విడిగా రాయించండి, బండి తీసుకునేటప్పుడు క్యాలిబ్రేషన్ రిపోర్ట్ ప్రింటు అడగండి. ఇవ్వలేమంటే బండి అక్కడ పెట్టకండి.