వరిగడ్డి కప్పిన మడులు: హయత్‌నగర్ పెరట్లో ఏడు వేసవుల అనుభవం

హయత్‌నగర్‌లో మా ఇంటిని ఆనుకొని ఉన్న 150 గజాల స్థలంలో 2018 వేసవి నుంచి కూరగాయలు పండిస్తున్నాను. గులకరాళ్ళు కలిసిన ఎర్రనేల కావడంతో, ఆ మొదటి వేసవిలో ఉదయం పోసిన నీరు మధ్యాహ్నానికే ఇంకి, సాయంత్రానికి పైపొర పెచ్చుకట్టి పగిలిపోయేది. ఆ ఏడు వానాకాలం వరికోతలు ముగియగానే చౌటుప్పల్ వైపు నుంచి గడ్డి కట్టలు తెప్పించి మడుల మీద పరిచాను. అప్పటి నుంచి ఆకుకూరల మడులు తప్ప, ఏ వేసవిలోనూ మడిని గడ్డి లేకుండా ఉంచలేదు. వేసవికి దీనికి మించిన సాధనం నాకు కనబడలేదు. వానాకాలంలో మాత్రం ఇదే గడ్డి జాగ్రత్త తప్పితే మొక్కను చంపగలదని కూడా నష్టపోయి తెలుసుకున్నాను.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో గడ్డి లేని మడికి నేను రోజుకు రెండు పూటలా నీరు పెట్టవలసి వచ్చేది. గడ్డి కప్పిన వంగ, మిరప మడులకు మూడు రోజులకొకసారి పెడితే సరిపోతోంది. మూడో రోజు గడ్డి తొలగించి వేలు గుచ్చి చూస్తే, అంగుళం లోతులో మట్టి చల్లగా, చేతికి అంటుకునేంత తడిగా ఉంటుంది. ఎండ నేరుగా మట్టిని తాకకపోవడం, గడ్డిపరకల మధ్య గాలి కదలకుండా నిలవడం వల్ల ఆవిరి నెమ్మదిస్తుంది. నీటి ధార దెబ్బ నేరుగా మట్టి మీద పడదు కాబట్టి పెచ్చు కూడా కట్టదు. తడి ఒక్కసారిగా ఎక్కువై, ఒక్కసారిగా తగ్గడం వల్ల వచ్చే టమాటా పగుళ్ళు, కాయ అడుగున నల్లబడే సమస్య మా పెరట్లో బాగా తగ్గాయి. రెండో ఏడాది నుంచి గడ్డి కింద వానపాముల విసర్జన చిన్న చిన్న కుప్పలుగా కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మందం విషయంలో తొందర పనికిరాదు. నారు నాటి, అది నిలదొక్కుకుని జానెడు ఎత్తు పెరిగాక, ముందు మడిని బాగా తడిపి, ఆ తరువాత మూడు నాలుగు అంగుళాల మందాన గడ్డి పరచాలి. పొడినేల మీద పరిస్తే తేలికపాటి జల్లు పడినా ఆ నీరు గడ్డిలోనే ఆగిపోయి వేరును చేరదు. డ్రిప్ పైపు ఉన్నవారు దానిని గడ్డి కిందికే జరపాలి. సుమారు 15 కిలోల కట్ట ఒకటి నాకు 60–70 చదరపు అడుగులకు వస్తోంది. నెల తిరిగేసరికి అది సగానికి అణుగుతుంది కాబట్టి మళ్ళీ పైన వేయడానికి కొంత దాచుకోవాలి. కట్ట ధర కంటే ఆటో కిరాయే ఎక్కువ పడుతుంది కనుక, ఎండలు ముదిరి పశువుల మేతకు గిరాకీ పెరగకముందే, డిసెంబరులోనే ఏడాదికి సరిపడా తెచ్చి టార్పాలిన్ కింద పేర్చుకోవడం మంచిది.

గడ్డి నత్రజనిని లాగేసుకుని మొక్కను పసుపుపచ్చగా మారుస్తుందనే భయం చాలామందికి ఉంది. నా అనుభవంలో అది గడ్డిని మట్టిలో కలిపి తవ్వినప్పుడే నిజమైంది. గడ్డిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటాయి. గడ్డి పైనే ఉంటే ఆ ప్రభావం పైపొరను దాటదు. ఒకసారి పాత గడ్డిని బెండ మడిలో కలిపి వెంటనే విత్తనం వేయగా, మొలకలు నెల రోజులు లేత పసుపు రంగులోనే కుంగిపోయాయి. ఇప్పుడు పాత గడ్డిని కంపోస్టు గుంతకే పంపుతున్నాను. వరి పైరు నేల నుంచి తీసుకున్న పొటాష్‌లో అధికభాగం గింజలో కాక గడ్డిలోనే మిగులుతుంది కాబట్టి, దానిని తగలబెట్టడం చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

పచ్చిగడ్డి సంగతి వేరు. లాన్ కోసిన గడ్డిని మందంగా వేస్తే చాపలా అతుక్కుని, లోపల వేడెక్కి, ఘాటైన వాసన వస్తుంది. రెండు రోజులు ఎండబెట్టి పలుచగా వేస్తే ఇబ్బంది లేదు. మూసీ ఒడ్డున పశువుల కోసం పెంచే పారా గడ్డిని ఒక వేసవిలో పచ్చిగానే పరిచాను. నీరు తగిలిన కణుపు కణుపుకూ వేరు తన్ని, కలుపు ఆపడానికి వేసినదే కలుపై కూర్చుంది. గరిక కూడా అంతే. వరిగడ్డితో పాటు ఊద అనే వరి కలుపు గింజలు వస్తాయి కానీ అవి చేతితో తీయగలిగినన్నే. తుంగను మాత్రం ఏ గడ్డీ ఆపలేదు. అది నాలుగంగుళాలను సూదిలా చీల్చుకుని వస్తుంది. దానిని పరచకముందే గడ్డలతో సహా తవ్వి తీయక తప్పదు.

ఇక వానాకాలం. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు మా గడ్డి అంతా తేలి ప్రహరీ గోడ పక్కన పోగుపడింది, దాని కింద చిక్కుడు నారు కప్పుకుపోయింది. అంతకంటే పెద్ద నష్టం ఆ తరువాతి వారంలో జరిగింది. మొదళ్ళకు అంటుకుని ఉన్న తడిగడ్డిలో తెల్లని బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గోధుమరంగు గుండ్లు కనిపించాయి. మొదలు కుళ్ళు తెగులుతో పదకొండు మిరప మొక్కలు నిలువునా వాడిపోయాయి. గడ్డిని కాండం దాకా తోయడం నా తప్పే. అప్పటి నుంచి మొక్క చుట్టూ బెత్తెడు జాగా వదులుతున్నాను. మృగశిర కార్తె వానలు మొదలవగానే సగం గడ్డిని తీసేసి, అంగుళం మందం మాత్రమే మిగులుస్తున్నాను. నత్తలు దాగేది కూడా అక్కడే కనుక చీకటి పడ్డాక టార్చితో ఏరవలసి ఉంటుంది.

చెదలు తడి ఆరిపోయిన మూలల్లోనే పడుతున్నాయి. గడ్డి కింద వేపపిండి చల్లి, వారానికొకసారి ఎత్తి చూస్తే అదుపులో ఉంటున్నాయి. మేడ మీద కుండీలకు గడ్డి వేసేవారు దీపావళికి ముందు దానిని తప్పక తడిపి ఉంచాలి. ఎగిరిపడే నిప్పురవ్వ ఒక్కటి చాలు. వెదజల్లి పెంచే తోటకూర, మెంతికూర, కొత్తిమీర మడులకు నేను గడ్డి వాడడం లేదు. మొలక పైకి రాలేదు, వచ్చినా పీకేటప్పుడు ఆకులతో పాటు గడ్డిపరకలన్నీ చేతికి వచ్చాయి. వాటికి ఎండ నుంచి కాపుగా పైన నీడవల కట్టి, రెండు పూటలా నీరు పెడుతున్నాను.