భైరవకోనలో గీయాలా, ఎగ్మూరు మ్యూజియంలో గీయాలా?

నెల్లూరులో ఉంటూ పాత శిల్పాలను స్కెచ్చులు వేద్దామనుకునే వారికి రెండు దారులున్నాయి. పడమటికి ఉదయగిరి, సీతారామపురం మీదుగా పోతే భైరవకోన. దక్షిణానికి ఉదయమే రైలెక్కితే మధ్యాహ్నం లోపే చెన్నై ఎగ్మూరు మ్యూజియం. చాలామంది మొదట భైరవకోనకే ఓటేస్తారు. నేను వేయను.

భైరవకోన అందంలో లోటేమీ లేదు. కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పల్లవ శైలి స్తంభాల అడుగున సింహాలు, గుమ్మాల పక్కన ద్వారపాలకులు. గుహలు ఎక్కువగా తూర్పు ముఖంగా ఉన్నాయి. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నంతసేపూ అరిగిపోయిన ముక్కు, భుజం, నడుము విడివిడిగా తెలుస్తాయి. ఎండ నడినెత్తికి వచ్చి దాటిందంటే అవన్నీ ఒకే నీడలో కలిసిపోతాయి. కాబట్టి చెయ్యి పరుగెత్తాల్సిందే. ఆ తొందర మంచిదే కానీ, కొత్తవాళ్ల చూపు జలపాతం మీదికి, చెట్ల మీదికి పోతుంది. సింహం జూలు ఎలా మలిచారో చూడకుండానే కొండంతా గీసేస్తారు. చివరికి కాగితం మీద మిగిలేది క్యాలెండరు బొమ్మ.

మ్యూజియంలో వెలుతురు అంతంత మాత్రమే, ఎదురుగా జనం అడ్డం వస్తుంటారు. అయినా అమరావతి శిల్పాల్లో నాలాగిరి ఏనుగు ఫలకం ఒక్కటి చాలు. గుండ్రటి రాతిలో ఒకవైపు మదించిన ఏనుగు జనాన్ని తొక్కేస్తూ వస్తుంటుంది, ఆడవాళ్లు మేడమీది నుంచి చూస్తుంటారు. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ముందు జరిగినదీ తర్వాత జరిగినదీ ఒకే వృత్తంలో, మధ్యలో గీత కూడా లేకుండా! ఈ పద్ధతి చేతికి వస్తే ఊళ్లో దేన్నైనా గీయవచ్చు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగనే తీసుకోండి. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, ఈ ఏడాది కోరికతో రొట్టె అందుకున్న మనిషే, కోరిక తీరాక మరో ఏడాది వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తాడు. ఆ రెండు సందర్భాలూ ఒకే వృత్తంలో పట్టాలంటే అమరావతి శిల్పిని మించిన గురువు ఎవరు?

ఉదయగిరి వాళ్లకైతే ఇంకో ఆకర్షణ ఉంది. కోట గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు హంపికి తీసుకుపోయి ప్రతిష్ఠించిన బాలకృష్ణుడు ఇప్పుడు ఈ మ్యూజియంలోనే ఉన్నాడు. ఎడమ పేజీలో కోట, కుడి పేజీలో కృష్ణుడు: రెండు ప్రయాణాలకు సరిపడా బొమ్మ.

ఫోనులో తీసిన ఫోటో చూసి ఇంట్లో గీయడం మూడో దారి. వానాకాలానికి పనికొస్తుంది, అంతే. రాతి లోతు ఫోటోలో చదునైపోతుంది.

రంగులంటే ప్రాణమైన వాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు భైరవకోనకే వెళ్లండి. నీటి రంగులు చాలా మ్యూజియంలలో ఒప్పుకోరు. పెన్సిలుకైనా లోపలికి వెళ్లేముందు సిబ్బందిని ఒకమాట అడగడం మేలు. మిగతావాళ్లు ముందు ఎగ్మూరు, ఆ తర్వాతే భైరవకోన. శుక్రవారం మాత్రం బయలుదేరకండి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.