పద్దెనిమిది రోజుల రికార్డు, ఇరవయ్యేళ్ల శ్రవణం

ఇంగ్లండు రాక్ బ్యాండు లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్‌లలో ఏది గొప్పదని అడిగితే కొందరు నాలుగోదంటారు, కొందరు ‘ఫిజికల్ గ్రాఫిటీ’ అంటారు. 1976లో వచ్చిన ‘ప్రెజెన్స్’ పేరెత్తేవాళ్లు అరుదు. నేనూ చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య దాని క్యాసెట్ దొరికింది. అట్ట మీద బల్ల చుట్టూ కూర్చున్న ఒక కుటుంబం, బల్ల మధ్యలో మెలితిరిగిన నల్లటి వస్తువు. అదేమిటో ఈనాటికీ నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి పెట్టుకుంటే మొదటి పాట దాటి రెండోదాని సగానికే విసుగొచ్చింది. వాళ్ల ప్రసిద్ధ పాట ‘స్టెయిర్‌వే టు హెవెన్’ మొదట్లో వినిపించే మెత్తని గిటారు కోసం ఎదురుచూశాను. అలాంటిది ఇందులో లేదు. కీబోర్డు ఊసే లేదు. అంతా ఎండిన కట్టెలా ఉందనిపించి పక్కన పడేశాను.

దాన్ని మళ్లీ వినిపించింది ఒక పాడైపోయిన ఇయర్‌ఫోను. ఎడమ చెవి పలకడం మానేసింది, కొత్తది కొనే స్తోమత అప్పటికి లేదు. రాత్రి బస్సులో ఇందులోని మొదటి పాట ‘అకిలీస్ లాస్ట్ స్టాండ్’ పెట్టాను. గిటార్లలో కొన్ని ఎటో పోయి, బాస్ (మంద్రంగా పలికే గిటారు), డ్రమ్స్ ముందుకొచ్చాయి. పది నిమిషాల పాట అది. జాన్ పాల్ జోన్స్ అందులో వాయించినది ఎనిమిది తీగల బాస్: ప్రతి లావు తీగ పక్కనే ఒక స్థాయి పైన పలికే సన్న తీగ ఉంటుంది. అందుకే ఆ బాస్ కింద ఉరుముతూనే పైన గరగరలాడుతుంది. దౌడు తీసే ఆ నడకను ఎక్కడా సడలనివ్వడు. దాని మీద జాన్ బోనమ్ డ్రమ్స్. గిటారు ఆగి ఆగి పొడిచే చోట్ల అతను ఖాళీని నింపే తీరు చూడండి: ఒక్కోసారి ఒక్కో రకంగా కొట్టి, లెక్క తప్పిందేమో అని మనం కంగారు పడేలోపు సరిగ్గా సమం మీద వచ్చి వాలతాడు. మృదంగం తనియావర్తనం వినే అలవాటున్నవాళ్లకు ఈ ఆనందం విడమరచి చెప్పనక్కర్లేదు.

కొన్ని నెలలకు కొత్త ఇయర్‌ఫోను కొన్నాక అదే పాటలో నాకు తెలియని గిటార్లు బయటపడ్డాయి. బ్యాండు గిటారిస్టు జిమ్మీ పేజ్ వాటిని ఒకదాని మీద ఒకటి పొరలుగా రికార్డు చేశాడు. అన్ని పొరలున్నా గజిబిజి లేదు. ఏ గిటారుకు ఆ గిటారు తన మాట తను చెప్పి తప్పుకుంటుంది.

ఇంత తొందరలో ఇంత పనా అని ఆశ్చర్యం వేస్తుంది. 1975 ఆగస్టులో గ్రీసులోని రోడ్స్ దీవిలో గాయకుడు రాబర్ట్ ప్లాంట్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. కచేరీలు రద్దయ్యాయి. ఆ నవంబరులో మ్యూనిక్‌లోని మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియోలో చక్రాల కుర్చీలో కూర్చుని పాడాడు. వీళ్ల తర్వాత స్టూడియో మరో రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ వాళ్లది, అందుకే తొందర. రికార్డింగ్, మిక్సింగ్ కలిపి పద్దెనిమిది రోజుల్లో ముగించారు. ప్లాంట్ గొంతులో పాత మెరుపు తగ్గిన మాట నిజమే. మొదట్లో నన్ను దూరం పెట్టిన కారణాల్లో అదీ ఒకటి. ఇప్పుడు ఆ నలిగిన గొంతే ఈ పాటలకు సరిపోయిందంటాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘ఫర్ యువర్ లైఫ్’. నిదానంగా, బరువుగా నడుస్తుంది. మధ్యమధ్య గిటారు స్వరం కాలుజారినట్టు కిందికి ఒరిగి మళ్లీ నిలబడుతుంది. బ్యాండు ఉన్నన్నాళ్లూ దీన్ని ఏ కచేరీలోనూ వాయించలేదు. 2007 డిసెంబరు 10న లండన్‌లో మళ్లీ కలిసినప్పుడు, బోనమ్ కొడుకు జేసన్ డ్రమ్స్ వాయించగా, మొదటిసారి వేదికెక్కించారు. ‘నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్’ మూలం 1920ల నాటి అమెరికన్ గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ పాట. రచయితలుగా పేజ్, ప్లాంట్ పేర్లే వేసుకోవడం నాకు నచ్చదు. అయినా అందులో అందరూ ఒక్కసారిగా ఆగి, ఒక్కసారిగా అందుకునే చోట ఒళ్లు జలదరిస్తుంది.

అన్నీ ఇలాగే ఉన్నాయని అబద్ధం చెప్పను. ‘క్యాండీ స్టోర్ రాక్’ 1950ల పాటల సరదా అనుకరణ, దాన్ని దాటించేస్తాను. ‘రాయల్ ఆర్లియన్స్’ పర్వాలేదు. చివరిదైన ‘టీ ఫర్ వన్’ తొమ్మిది నిమిషాల పైన సాగుతుంది. మొదట చురుగ్గా ఎత్తుకుని, ఉన్నట్టుండి నడక మందగించి బ్లూస్‌లోకి (నల్లజాతి అమెరికన్ల దిగులు పాటల బాణీ) దిగే ఆ మలుపు అద్భుతం. ఆ తర్వాత మాత్రం వాళ్లదే పాత పాట ‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’ నీడ వదలదు.

క్యాసెట్ టేపు సాగిపోయాక సీడీ కొన్నాను. 2015లో పేజ్ స్వయంగా శుభ్రం చేయించి విడుదల చేసిన ప్రతిని ఇప్పుడు వింటున్నాను. బోనమ్ కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బ ఇందులో విడిగా తెలుస్తుంది. కొత్తగా వినేవాళ్లు ఫోను స్పీకరులో మాత్రం పెట్టకండి, బాస్ మొత్తం పోతుంది. మొదటిసారి ప్లాంట్‌ను వదిలేసి జోన్స్ వెంట నడవండి. నేనైతే ఇప్పటికీ అప్పుడప్పుడు ఎడమ ఇయర్‌ఫోను తీసేసి వింటుంటాను.