కోటకు ముప్పావుగంట చాలదు: ఓరుగల్లు దర్శనీయ స్థలాలపై ఒక సమీక్ష

హైదరాబాద్ నుంచి ఒక్క రోజు కోసం వరంగల్ వచ్చేవారు సాధారణంగా వేయిస్తంభాల గుడి, భద్రకాళి ఆలయం, కోట, వీలైతే పొద్దు గుంకేలోగా రామప్ప అనే వరుసను పాటిస్తారు. ఈ వరుసలో అన్యాయమయ్యేది కోటే. తోరణాల ముందు నాలుగు ఫోటోలు దిగి ముప్పావుగంటలో బయటపడేవారే ఎక్కువ. నా దృష్టిలో మాత్రం ఈ నగరంలో ఒక పూట పూర్తిగా కేటాయించవలసిన స్థలం అదే.

కాకతీయ రాజు గణపతిదేవుని కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఈ కోటను తోరణాల దగ్గర కాక, బయటి మట్టికోట దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టాలి. మట్టికట్ట, కందకం, ఆ తర్వాత రాతికోట, శత్రువు నేరుగా దూసుకురాకుండా మలుపులు తిప్పి కట్టిన ద్వారాలు, ఇవన్నీ వరుసగా దాటి వచ్చినప్పుడే 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ముట్టడి సంధితో ఎందుకు ముగిసిందో, 1323లో ఉలుగ్ ఖాన్‌కు (తరువాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్) ఈ కోట చిక్కడం ఎంత పెద్ద సంఘటనో అర్థమవుతుంది. సున్నం వాడకుండా పేర్చిన రాతిగోడకు లోపలివైపు మెట్లున్నాయి; వాటిని ఎక్కి చూస్తే కోట విస్తీర్ణం తెలుస్తుంది. లోపల నేటికీ ఊరు ఉంది, పొలాలున్నాయి. దారిలో బర్రెల మంద ఎదురైతే కారు కాసేపు ఆగవలసిందే.

తెలంగాణ రాజముద్రలో కనిపించే కాకతీయ తోరణాన్ని చాలామంది విడిగా నిలిపిన స్మారకం అనుకుంటారు. నిజానికి నాలుగు దిక్కులా నిలిచిన ఈ కీర్తితోరణాలు మధ్యనున్న స్వయంభూ శివాలయ ప్రాంగణానికి ప్రవేశ ద్వారాలు. గుడి కూలిపోయింది, ద్వారాలు మిగిలాయి. విరిగిన స్తంభాలు, దూలాలు, చూరు రాళ్లు ప్రాంగణంలో పరచి ఉన్నాయి. తోరణం మీది హంసల పనితనాన్ని ఈ ముక్కల మీది చెక్కడంతో పోల్చి చూడటానికే గంట పడుతుంది. ఏ ముక్క ఎక్కడిదో చెప్పే ఫలకాలు తగినన్ని లేకపోవడం పెద్ద లోటు. కనుక చరిత్ర తెలిసిన గైడును వెంట తీసుకెళ్లడం మంచిది. పక్కనే ఉన్న ఖుష్ మహల్‌ను కూడా వదలకూడదు. వాలుగా పైకి లేచే గోడలు, విశాలమైన కమానులు గల ఆ కట్టడం కాకతీయుల తరువాతి కాలపు నిర్మాణశైలిని చూపుతుంది.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడిని 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుడులున్న త్రికూటాలయం ఇది. నునుపు దేరిన నల్లరాతి నంది, అద్దంలా మెరిసే స్తంభాలు ఎంత చెప్పినా తక్కువే. 2006లో విప్పదీసిన కల్యాణమండపం పునర్నిర్మాణం పూర్తయి, 2024 మార్చిలో మళ్లీ తెరుచుకుంది. ఇంతకు ముందు ఈ గుడిని చూసినవారు కూడా మళ్లీ వెళ్లడానికి ఆ ఒక్క కారణం చాలు. అయితే ఇక్కడ నిత్యపూజలు జరుగుతాయి కాబట్టి సోమవారాలు, శివరాత్రి నాడు శిల్పాలను నిదానంగా చూడటం సాధ్యం కాదు. ఎండాకాలంలో మధ్యాహ్నం వెళితే చెప్పుల్లేని కాళ్లు కాలుతాయి, మేజోళ్లు దగ్గర ఉంచుకోవాలి.

రామప్పను మాత్రం అదే రోజు షెడ్యూలులో ఇరికించవద్దు. ములుగు మీదుగా పాలంపేటకు సుమారు 70 కిలోమీటర్ల దూరం. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. ఎర్ర ఇసుకరాతి గోడల పైభాగాన నల్లరాతి మదనికలు (స్త్రీమూర్తుల శిల్పాలు) ఒక్కొక్క భంగిమలో నిలబడి ఉంటాయి. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలేంత తేలిక. శిల్పాన్ని తట్టి స్వరాలు వినిపించే గైడ్ల అలవాటు నాకు నచ్చలేదు, చేతి తాకిడికి రాయి అరిగిపోతుంది. గుడి చూశాక రామప్ప చెరువు కట్ట మీదికీ వెళ్లి రావచ్చు.

భద్రకాళి ఆలయానికి సాయంత్రం వెళ్లడం మేలు. ఆషాఢంలో శాకంబరీ ఉత్సవాలప్పుడు రద్దీ తప్పదు. పద్మాక్షి గుట్ట మీద జైన తీర్థంకరుల శిల్పాలు, శాసన స్తంభం చూడాలనుకునేవారు సద్దుల బతుకమ్మ రోజు కాక వేరే రోజు ఎంచుకోవాలి. ఆ సాయంత్రం గుట్ట కింద గుండం చుట్టూ అడుగు పెట్టే చోటుండదు.