గ్లాస్గో: గదికి 94 పౌండ్లు, గోవన్‌ మ్యూజియానికి పైసా అక్కర్లేదు

స్కాట్లండ్‌లోని గ్లాస్గో వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో "విక్టోరియన్ హెరిటేజ్" అని రాసిన గది చూసి మురిసిపోయే ముందు, లిఫ్టు ఉందో లేదో కనుక్కోండి. మాకు రాత్రికి, ఒక్కో గదికి 94 పౌండ్లు పడింది. ఫొటోలో చెక్కడపు పని ఉన్న మెట్ల పిట్టగోడ, రంగు అద్దాలు. అవి ఉన్నాయి, కాదనను. ఆ మెట్లెక్కి నాలుగో అంతస్తు చేరితే, ఒకప్పటి పెద్ద హాలుకి ప్లైవుడ్ అడ్డం కొట్టి గదులు చేశారు. సీలింగు మీద ప్లాస్టర్ పూలదండ సగం మా గదిలో, మిగతా సగం అక్కావాళ్ల గదిలో! కిటికీ రంగుతో పాటే బిగుసుకుపోయింది, తెరుచుకోదు. లిఫ్టు సంగతి అడిగితే, పాత భవనం స్వరూపం చెడగొట్టకూడదట. ప్లైవుడ్‌కి అడ్డురాని స్వరూపం బావగారి మోకాళ్ల దగ్గరే అడ్డొచ్చింది. పొద్దున గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచుకోడానికి పెట్టెకి 6 పౌండ్లు, నాలుగు పెట్టెలకి 24. అక్క ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు.



గ్లాస్గోలోనే ఓడలు కట్టే పేట గోవన్. అక్కడికి వెళ్దామన్నది బావగారు. విశాఖ షిప్‌యార్డులో ఓడల ప్లాన్లు గీసే డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఓడల యార్డులున్న క్లైడ్ నది పేరెత్తితే ఆయన్ని ఆపలేం. గ్లాస్గో సబ్‌వే అంటే గుండ్రంగా తిరిగే ఒకే ఒక్క లైను, బొమ్మ రైళ్లలాంటి చిన్న పెట్టెలు. గోవన్‌లో దిగి, గోవన్ రోడ్డు వెంట కాస్త నడిస్తే ఎర్ర ఇసుకరాయితో బారుగా కట్టిన ఫెయిర్‌ఫీల్డ్ అనే ఓడలు కట్టే కంపెనీ పాత ఆఫీసు వస్తుంది, ఇప్పుడందులో మ్యూజియం ఉంది. జాన్ కెపీ డిజైను, 1889-91లో కట్టారు.

గుమ్మం దగ్గరే నేను ఆగిపోయాను. కంపెనీ ఆఫీసు కదా, ఏ దేవతల్నో, యజమానినో నిలబెడతారనుకుంటాం. ఇక్కడ ఒక పక్క ఇంజినీరు, ఇంకో పక్క ఓడ కట్టే పనివాడు, మెక్‌గిలివ్రే అనే శిల్పి చెక్కిన విగ్రహాలు. యజమాని విలియం పియర్స్ విగ్రహం వేరే ఉంది, గోవన్ క్రాస్ దగ్గర. డైరెక్టర్లకూ క్లర్కులకూ గుమ్మంలో రోజూ కనిపించింది మాత్రం ఈ ఇద్దరే. ఆ పాత యాజమాన్యం మీద నాకు కలిగిన గౌరవమంతా ఇక్కడే, దీనికోసమే.

లోపల డైరెక్టర్ల వైపు చెక్క పనితనం చూసి అక్క మొహం విప్పారింది. బావగారికి అవేం పట్టలేదు, నేరుగా డ్రాయింగ్ ఆఫీసు సంగతికే వెళ్లిపోయారు. వెలుగు పైకప్పు గాజులోంచి దిగేలా కట్టారు. "పక్క కిటికీ నుంచి వెలుగొస్తే స్కేలు నీడ గీత మీద పడుతుందమ్మా. ఇక్కడ గీత వెంట్రుకవాసి తప్పితే యార్డులో ప్లేటు కలవదు" అని ఆయన గాలిలోనే స్కేలు పెట్టి చూపించారు. అట్లాంటిక్‌ని అందరికన్నా వేగంగా దాటిన కాంపేనియా, లుకేనియా ఓడలు 1890లలో ఈ కంపెనీ కట్టినవే. 1971లో మూతపడబోతున్న యార్డుల్ని ఆదుకోకుండా ప్రభుత్వం చేతులెత్తేస్తే క్లైడ్ కార్మికులు సమ్మె చేయకుండా, యార్డుల్ని తామే పట్టుకుని పని సాగించిన కథ కూడా ఇక్కడ ఉంది. ఒకప్పటి యూనియన్ మనిషి కదా, బావగారు అక్కడ చాలాసేపు నిలబడ్డారు.

ఈ ఆఫీసు కొన్నేళ్లు ఖాళీగా పడి ఉంది. 2009లో గోవన్ వర్క్‌స్పేస్ అనే స్థానిక సంస్థ తీసుకుని బాగుచేయించి, 2013లో మ్యూజియం తెరిచింది. మిగతా గదులు ఆఫీసులకి అద్దెకిస్తారు. పాత ఇంటిని బతికించడమంటే ఇదీ, గదుల మధ్య ప్లైవుడ్ కొట్టడం కాదు. టికెట్ లేదు. హుండీలాంటి డబ్బాలో మేం 10 పౌండ్లు వేశాం, ఆ ట్రిప్పులో మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

వారంలో అన్ని రోజులూ తెరవరు, వేళలు చూసుకుని వెళ్లండి. పక్కనున్న యార్డులోకి మనల్ని రానివ్వరు, అక్కడ ఇప్పటికీ నౌకాదళానికి ఓడలు కడుతున్నారు. అక్కడి నుంచి 2024లో కట్టిన నడకవంతెన మీదుగా నది దాటితే రివర్‌సైడ్ మ్యూజియం, అదీ ఉచితమే. పిల్లలతో వెళ్తే అది ముందు చూడండి, మా బావగారి లాంటివాళ్లతో అయితే ఫెయిర్‌ఫీల్డ్‌కే మధ్యాహ్నమంతా వదిలేయండి.