నల్లబూజు మీద డీహ్యూమిడిఫయర్: మూడు వర్షాకాలాల వాడకం తర్వాత

విశాఖలో సముద్రానికి దగ్గరి ఫ్లాటు, 12 × 14 అడుగుల పడకగది, గాలిలోని చెమ్మను లాగి నీటిగా ట్యాంకులో పట్టే డీహ్యూమిడిఫయర్, రోజుకు 20 లీటర్ల నీరు తీసే రకం. గాలిలో చెమ్మ ఉంటే ఇది పెట్టిన డబ్బుకు పనిచేస్తుంది. గోడలోకే నీరు దిగుతుంటే మాత్రం కరెంటు బిల్లు తప్ప మిగిలేదేమీ లేదు. కాబట్టి కొనేముందు ఆ నీరు ఎటునుంచి వస్తోందో తేల్చుకోవాలి.

దానికి పాలిథిన్ ముక్క, టేపు చాలు. మచ్చ పక్కన గోడ తుడిచి, అడుగున్నర చదరపు షీటును నాలుగంచులా గాలి దూరకుండా అంటించండి. ఒక రోజయ్యాక షీటు లోపలివైపు చుక్కలు కడితే గోడే నానుతోంది. పై ఫ్లాటు బాత్రూమ్ పైపో, బయటి గోడ పగులో చూసుకోవాలి. షీటు పైన తడి కనిపిస్తే అది గాలిలోని చెమ్మ. బీరువా వెనక, మంచం తలవైపు, గది మూలల్లో చుక్కచుక్కలుగా లేచే బూజు ఎక్కువగా ఈ రెండో రకమే. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి, దాదాపు 26 డిగ్రీల గోడకు తగిలినా నీరు విడుస్తుంది. పక్కగదిలో ఏసీ 18లో నడుస్తుంటే ఇవతలి గోడ చెమర్చడంలో వింతేముంది? ఏసీని 26కి పెంచి, బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరిపితే కొన్ని ఇళ్లలో మెషీను అవసరమే పడదు. తెల్లగా పొడిలా పొంగేది బూజు కాదు, ఉప్పు. నీళ్లు చిలకరిస్తే కరిగిపోతుంది.

ఇక ‘విషపు నల్లబూజు’ సంగతి. ఆ పేరు మోసే స్టాకీబోట్రిస్ అనే బూజు రకానికి రోజుల తరబడి తడిసిన కాగితం, అట్ట, జిప్సం బోర్డు లాంటివి కావాలి. సిమెంటు గోడ మీది డిస్టెంపర్‌లో ఎక్కువగా కనిపించేవి క్లాడోస్పోరియం, ఆస్పర్‌జిల్లస్. రంగు చూసి జాతి చెప్పలేం, చెప్పాల్సిన పనీ లేదు: ఏదైనా తొలగించే పద్ధతి ఒకటే, అన్నీ ఉబ్బసం ఉన్నవాళ్లను ఇబ్బంది పెట్టేవే. 2021లో హడలెత్తించిన బ్లాక్ ఫంగస్, అంటే మ్యూకోర్మైకోసిస్, వేరే జబ్బు. గోడమీది మచ్చతో దాన్ని ముడిపెట్టకండి. ఫాల్స్ సీలింగ్ జిప్సం బోర్డుకు బూజు పడితే మాత్రం కడిగి లాభం లేదు, ఆ ముక్క కోసి పారేయాల్సిందే.

పాత బూజును మెషీను చంపదు, కొత్తది లేవకుండా ఆపుతుంది. అందుకని ముందు శుభ్రం చేయాలి. మచ్చ మూడడుగుల చదరం లోపు ఉంటేనే సొంతంగా దిగండి. ఎన్95 మాస్కు, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, ఫ్యాను ఆపి, గది తలుపు మూసి, కిటికీ తెరవాలి. పొడిగా గీకితే బూజు గింజలు ఇల్లంతా ఎగురుతాయి. ముందు సర్ఫు నీళ్లతో తడిపి, తర్వాతే రుద్దాలి. ఉబ్బిన పెయింటును పుట్టీ దాకా గీకేయాలి. టైల్స్‌కైతే లీటరు నీటికి 60 మిల్లీలీటర్ల బ్లీచ్ సరిపోతుంది. సున్నం గోడకు బ్లీచ్ కొడితే పైన రంగు పోతుంది, నీరు లోపలికి ఇంకుతుంది, కొన్ని వారాల్లో మచ్చ మళ్లీ తేలుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్ కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆ రెండూ ఒకే పూట వాడకండి. గోడ పూర్తిగా ఆరకుండా పెయింటు వేస్తే అది పెచ్చులుగా లేస్తుంది.

మెషీను విషయానికొస్తే, 20 లీటర్లన్నది 30 డిగ్రీలు, 80 శాతం తేమలో లెక్క. గది ఆరేకొద్దీ అందులో సగమే పడుతుంది. మొదటి వారం పరుపు, బట్టలు కూడా చెమ్మ వదులుతాయి కాబట్టి ట్యాంకు తరచూ నిండుతుంది, భయపడక్కర్లేదు. తేమను 55 శాతానికి సెట్ చేస్తే చాలు. 60 దాటకుండా ఉంచడమే ముఖ్యం, 40కి దించాలని చూస్తే దండగ ఖర్చు. 330 వాట్లు, రోజుకు 8 గంటలు, అంటే సుమారు రెండున్నర యూనిట్లు. కిటికీలు తెరిచి నడిపితే సముద్రం మీది గాలినంతా ఆరబెట్టాలని చూసినట్టే.

చిరాకు పెట్టేవి: గది రెండు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది, చప్పుడుకు నిద్ర పట్టదు. మనుషులు లేని పగటిపూట నడపడమే మేలు. ట్యాంకు నిండితే ఫ్లోట్ స్విచ్ మెషీనును ఆపేస్తుంది; పైపు పెట్టి బాత్రూమ్‌లోకి వదిలితే ఆ గొడవ ఉండదు, కానీ పైపు మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు, లేస్తే నీరు వెనక్కి తన్ని నేలమీదికి వస్తుంది. వర్షాకాలంలో ఫిల్టరును రెండు వారాలకోసారి కడగకపోతే నీటి రాబడి తగ్గుతుంది. ట్యాంకులో జిగురు కడితే బూజుకు మరో ఇల్లు తయారైనట్టే, వారానికోసారి తోమాలి.

అరలీటరు ట్యాంకుతో దొరికే చిన్న పెల్టియర్ (కంప్రెసర్ లేని) మెషీన్లు గదికి దేనికీ పనికిరావు. బట్టల అల్మారాకైతే చెమ్మ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా బాగుంటుంది, కానీ అందులో పోగైన నీరు పట్టుచీర మీద ఒలికితే చీర పాడైనట్టే. తేమ చూపే చిన్న మీటరు ఒకటి విడిగా కొనండి, మెషీను మీది అంకెను నమ్మొద్దు. సరిచూడాలంటే మూతలో ఉప్పు వేసి, ముద్దయ్యేంత నీరు చిలకరించి, మీటరుతో కలిపి జిప్ కవరులో ఒక రోజు ఉంచండి, 75 చూపాలి. 70 చూపితే, ఇకపై ప్రతి రీడింగుకూ 5 కలుపుకోవడమే.